మూత వేస్తే లాపీ నిద్రపోతోందా, నటిస్తోందా? హైబర్నేట్ సెటప్‌కి సాయం కావాలి [పరిష్కారమైంది]

నిద్రలేని_లాపీ | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్తే. రాత్రి మూత వేసి సంచిలో పెట్టిన లాపీని పొద్దున బయటికి తీస్తే చెయ్యి పెట్టలేనంత వేడి. బ్యాటరీ సున్నా. ఈ నెలలో ఇది నాలుగోసారి. మూత వేయగానే లైటు ఆరుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, చూడ్డానికి హాయిగా పడుకున్నట్టే ఉంటుంది.

ఇంటెల్ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, ఎన్‌వీఎమ్‌ఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) డిస్క్, ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ మీద లినక్స్. కెర్నల్ (లినక్స్ గుండెకాయ) నేనే కంపైల్ చేసుకున్నా. అక్కర్లేనివన్నీ పీకేశానని అప్పట్లో తెగ మురిసిపోయా. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే అదనపు చోటు) అంటే జీర్యామ్ ఒక్కటే.

నెట్‌లో దొరికిన పారామీటర్లన్నీ కెర్నల్‌ని బూట్ చేసే గ్రబ్‌లో పెట్టా. మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్, పీసీఐఈ_ఏఎస్‌పీఎమ్=ఫోర్స్, ఇంకా మూడో నాలుగో. ఏది పనిచేస్తోందో, ఏది చెడగొడుతోందో నాకే తెలియడం లేదు. పోనీ హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌లో రాసుకుని పూర్తిగా ఆరిపోవడం) చేద్దామంటే మెనూలో ఆ మాటే లేదు.

పాతకాపు | సోమవారం, రాత్రి 11:48

ముందు గ్రబ్‌లో పెట్టినవన్నీ తీసేయండి. అన్నీ. ఊరికే అనడం లేదు, పీసీఐఈ_ఏఎస్‌పీఎమ్=ఫోర్స్ లాంటిది పెట్టుకుని సస్పెండ్ గురించి మాట్లాడుకోవడం దండగ.

తీసేసి, రీబూట్ చేసి, ఈ మూడూ చూసి చెప్పండి:

క్యాట్ /సిస్/పవర్/స్టేట్
క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్
డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల చిట్టా) "సపోర్ట్స్ ఎస్0" అన్న లైను

నిద్రలేని_లాపీ | మంగళవారం, ఉదయం 7:05

తీసేశానండీ. ఫలితాలు ఇవి:

స్టేట్: ఫ్రీజ్ మెమ్
మెమ్_స్లీప్: [ఎస్2ఐడిల్]
డీమెసేజ్: ఏసీపీఐ: పీఎమ్: (సపోర్ట్స్ ఎస్0 ఎస్5)

పాతకాపు | మంగళవారం, ఉదయం 8:30

మీ కథంతా ఆ మూడో లైన్లోనే ఉంది. ఎస్0 (మెలకువ) నుంచి ఎస్5 (పూర్తి ఆఫ్)కి దూకేసింది. మధ్యలో ఎస్3 లేదు.

ఏసీపీఐ (పవర్ నిర్వహణ ప్రమాణం) 1996లో వచ్చినప్పటి నుంచీ మనం "స్లీప్" అంటున్నది ఎస్3నే. అందులో ర్యామ్‌కి మాత్రం కాస్త కరెంటు వెళ్తుంది, మిగతా మెషీన్ దాదాపు ఆరిపోతుంది. దాన్ని చేయించేది ఫర్మ్‌వేర్, అంటే బయోస్. కొత్త లాపీల్లో చాలావాటికి ఫర్మ్‌వేర్ ఆ ఎస్3ని ప్రకటించడమే మానేసింది. అక్కడ మిగిలేది ఎస్2ఐడిల్. ఇందులో కెర్నల్ ప్రోగ్రాములన్నిటినీ గడ్డకట్టిస్తుంది, డివైజ్‌లను ఒక్కొక్కటిగా పడుకోబెడుతుంది, చివరికి సీపీయూని ఐడిల్‌లో వదిలేస్తుంది. మెషీన్ మాత్రం ఎస్0లోనే, అంటే మెలకువలోనే ఉంటుంది. అన్ని డివైజ్‌లూ నిజంగా పడుకుంటేనే ప్రాసెసర్ తన లోతైన స్థితికి దిగుతుంది. ఒక్కటి మొండికేసినా ఇంటిల్లిపాదీ జాగారమే. స్క్రీన్ ఆరి ఉంటుంది కాబట్టి మీకు తెలియదు, సంచికి తెలుస్తుంది.

మెమ్_స్లీప్‌లో "డీప్" (అంటే ఎస్3) అన్న పదమే లేదు కదా. లేనిదాన్ని డిఫాల్ట్ చేయమని అడిగితే కెర్నల్ పట్టించుకోదు. ఆ పారామీటర్ వల్ల మీకు నష్టమూ లేదు, లాభమూ లేదు. కొన్ని లాపీల బయోస్‌లో స్లీప్ రకం మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది, ఒకసారి వెతకండి. దొరికితే అదృష్టం.

బూట్‌బాబు | మంగళవారం, ఉదయం 9:12

ఇంత తలనొప్పి ఎందుకు బ్రదర్? ఎన్‌వీఎమ్‌ఈ ఉంది, పది సెకన్లలో బూట్ అవుతుంది. మూత వేసేముందు షట్‌డౌన్ కొట్టేయ్. హైబర్నేట్ అనేది హార్డ్ డిస్కులు గిర్రున తిరిగే రోజుల మాట.

స్వాప్‌రాణి | మంగళవారం, ఉదయం 9:40

> పది సెకన్లలో బూట్ అవుతుంది

బూట్ పది సెకన్లే. తెరిచి ఉంచిన పద్నాలుగు టెర్మినళ్లు, సగంలో ఆపిన డీబగ్గర్, ఏ ఫైల్లో ఏ లైన్ దగ్గర ఉన్నానో ఆ జ్ఞాపకం, ఇవన్నీ పది సెకన్లలో రావు బాబూ. రోజుకి ఒకటే బ్రౌజర్ తెరిచేవాళ్లకి మీ సలహా బంగారం.

@నిద్రలేని_లాపీ, మీ స్టేట్ ఫైల్లో "డిస్క్" లేదు. అంటే హైబర్నేట్ మీ కెర్నల్లోనే లేదన్నమాట. "అక్కర్లేనివన్నీ పీకేశా" అన్నారుగా, కాన్ఫిగ్_హైబర్నేషన్ కూడా పీకేసినట్టున్నారు. /బూట్‌లో ఉన్న కాన్ఫిగ్ ఫైల్లో గ్రెప్ చేసి చూడండి.

నిద్రలేని_లాపీ | మంగళవారం, ఉదయం 10:02

# కాన్ఫిగ్_హైబర్నేషన్ ఈజ్ నాట్ సెట్

సిగ్గుగా ఉంది అక్కా. బయోస్ మొత్తం వెతికా, స్లీప్ రకం సెట్టింగ్ లేదు.

స్వాప్‌రాణి | మంగళవారం, ఉదయం 10:35

సిగ్గెందుకు, అందరం అక్కడి నుంచే వచ్చాం.

మెనూకాన్ఫిగ్‌లో (కెర్నల్ కాన్ఫిగ్ మెనూ) పవర్ మేనేజ్‌మెంట్ విభాగంలోనే ఉంటుంది. హైబర్నేషన్‌తో పాటు కాన్ఫిగ్_పీఎమ్_డీబగ్ కూడా ఆన్ చేయండి. రేపు అదే మీ చేతికర్ర. కాన్ఫిగ్_స్వాప్ లేకపోతే హైబర్నేషన్ ఆప్షన్ కనబడనే కనబడదు, మీకు జీర్యామ్ ఉంది కాబట్టి అది ఉన్నట్టే.

ఇక స్వాప్. జీర్యామ్‌లోకి హైబర్నేట్ చేయడం కుదరదు. అది ఉండేదే ర్యామ్‌లో, కరెంటు పోతే అదీ పోతుంది. డిస్క్ మీద స్వాప్‌ఫైల్ కావాలి. ఎంత సైజంటే, హైబర్నేట్‌లో డిస్క్‌కి రాసే ర్యామ్ నకలుని, అంటే ఇమేజ్‌ని, కెర్నల్ మామూలుగా ర్యామ్‌లో 2/5 వంతుకి కుదించాలని చూస్తుంది (/సిస్/పవర్/ఇమేజ్_సైజ్‌లో ఆ అంకె ఉంటుంది). మీ 16 జీబీకి అది 6.4 జీబీ. కానీ అది గురి మాత్రమే, గ్యారంటీ కాదు. ర్యామ్ నిండా పని ఉంటే ఇమేజ్ పెరుగుతుంది. డిస్క్‌లో చోటుంటే 16 జీబీ పెట్టేసి నిశ్చింతగా ఉండండి.

ఫైల్ చేసి, స్వాప్‌ఆన్ చేశాక, కెర్నల్ కమాండ్ లైన్లో రెండు చేర్చాలి. రెజ్యూమ్= దగ్గర ఆ ఫైల్ ఉన్న పార్టిషన్ యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య). రెజ్యూమ్_ఆఫ్‌సెట్= దగ్గర ఆ ఫైల్ డిస్క్ మీద ఎక్కడ మొదలవుతుందో ఆ అంకె. ఎక్స్‌ట్4 కాబట్టి ఫైల్‌ఫ్రాగ్ -వీ చెబుతుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ వాళ్లు మాత్రం ఫైల్‌ఫ్రాగ్‌ని నమ్మకండి, అక్కడ ఆ అంకె తప్పు. దానికి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ మ్యాప్-స్వాప్‌ఫైల్ -ఆర్ అని వేరే కమాండ్ ఉంది.

నిద్రలేని_లాపీ | మంగళవారం, రాత్రి 10:50

కెర్నల్ మళ్లీ కంపైల్ చేశా. స్టేట్ ఫైల్లో ఇప్పుడు "ఫ్రీజ్ మెమ్ డిస్క్" అని వస్తోంది. ప్రాణం లేచొచ్చింది.

కానీ ఎకో డిస్క్ కొట్టి /సిస్/పవర్/స్టేట్‌లోకి పంపితే స్క్రీన్ ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలుగుతోంది. డీమెసేజ్‌లో:

పీఎమ్: కెనాట్ ఫైండ్ స్వాప్ డివైస్, ట్రై స్వాప్‌ఆన్ -ఏ

స్వాప్‌ఆన్ -షో కొడితే 16 జీబీ ఫైల్ కళ్లెదుటే ఉంది! ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుని దొరకలేదంటుందేంటి?

స్వాప్‌రాణి | మంగళవారం, రాత్రి 11:04

ఫైల్‌ఫ్రాగ్ మొదటి వరస, మీరు కమాండ్ లైన్లో పెట్టిన అంకె, రెండూ ఇక్కడ పెట్టండి.

నిద్రలేని_లాపీ | మంగళవారం, రాత్రి 11:10

0: 0.. 32767: 1572864.. 1605631: 32768:

రెజ్యూమ్_ఆఫ్‌సెట్=1605631

స్వాప్‌రాణి | మంగళవారం, రాత్రి 11:13

దొరికింది దొంగ. 1572864 నుంచి 1605631 దాకా అని దాని అర్థం. మీరు తోక పట్టుకున్నారు, తల పట్టుకోవాలి. 1572864 పెట్టండి.

కెర్నల్ మీరిచ్చిన డివైస్, మీరిచ్చిన ఆఫ్‌సెట్, ఈ రెండిటికీ సరిగ్గా సరిపోయే స్వాప్ ఏదైనా నడుస్తోందా అని చూస్తుంది. ఒక్క బ్లాక్ తేడా వచ్చినా దానికది వేరే స్వాప్ కిందే లెక్క. అందుకే "దొరకలేదు" అంది. ఇంకో సంగతి, ఎప్పుడైనా ఆ ఫైల్ చెరిపి కొత్తది చేస్తే ఈ అంకె మారిపోతుంది. గ్రబ్‌లో మార్చడం మరిచిపోయి రెండు రోజులు జుట్టు పీక్కున్న అనుభవం నాది.

నిద్రలేని_లాపీ | బుధవారం, ఉదయం 6:40

ఇప్పుడు పూర్తిగా ఆఫ్ అయింది. సంతోషంగా పవర్ బటన్ నొక్కితే... మామూలు బూట్. తెరిచినవేవీ లేవు. స్వాప్‌ఆన్ మాత్రం ఒక మాట అంది: సాఫ్ట్‌వేర్ సస్పెండ్ డేటా కనబడింది, స్వాప్ సంతకం తిరగరాస్తున్నా అని.

పాతకాపు | బుధవారం, ఉదయం 8:15

అంటే ఇమేజ్ బంగారంలా రాసింది. తిరిగి చదివేవాడే లేడు. పాపం ఆ రాసిందంతా స్వాప్‌ఆన్ చెరిపేసింది, అది దాని ధర్మం.

రెజ్యూమ్=యూయూఐడీ అని ఇచ్చారు కదా. ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని కెర్నల్ సొంతంగా అర్థం చేసుకోలేదు. దాన్ని అసలు డివైస్‌గా మార్చి /సిస్/పవర్/రెజ్యూమ్‌లో రాసే పని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ది (అసలు డిస్క్ మౌంట్ అయ్యేలోపు నడిచే చిన్న తాత్కాలిక సిస్టమ్). పైగా మీ కెర్నల్లో ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవర్ మాడ్యూల్‌గా (విడిగా ఎక్కించే ముక్కగా) ఉంటే ఆ సమయానికి కెర్నల్‌కి డిస్కే కనబడదు. అందుకే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో రెజ్యూమ్ ముక్క ఉండాలి. దాన్ని కట్టే టూల్ ఎమ్‌కేఇనిట్‌సీపీఐఓ అయితే హుక్స్ వరసలో రెజ్యూమ్, అదీ డివైజ్‌లను గుర్తించే యూడెవ్ తర్వాత. డ్రాకట్ అయితే రెజ్యూమ్ మాడ్యూల్. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ అయితే కాన్ఫ్.డీ కింద రెజ్యూమ్ ఫైల్. ఏదైనా సరే, మార్చాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ కట్టాలి. రూట్ ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లు తాళం తీసే హుక్ తర్వాతే రెజ్యూమ్ పెట్టాలి. తాళం తీయకుండా పెట్టెలో ఏముందో ఎలా చూస్తుంది?

అలాగే ప్రతి బూట్‌కీ కొత్త తాళంచెవి పుట్టే ర్యాండమ్ కీ స్వాప్ వాడేవాళ్లు హైబర్నేట్ ఆశ వదులుకోవాలి. నిన్నటి తాళంచెవి ఇవాళ ఉండదు.

ఒక హెచ్చరిక. హైబర్నేట్ చేశాక, తిరిగి లేపేలోపు, ఆ డిస్క్‌లోని పార్టిషన్లను ఇంకో ఓఎస్ నుంచో లైవ్ యూఎస్‌బీ నుంచో మౌంట్ చేయకండి. ఇమేజ్‌లో ఉన్న కెర్నల్‌కి ఫైల్‌సిస్టమ్ ఎలా ఉందో ఒక జ్ఞాపకం ఉంటుంది. లేచాక అదే నిజమనుకుని రాసుకుంటూ పోతుంది. నేనొకసారి హైబర్నేట్ చేసి, మధ్యలో ఇంకో ఓఎస్‌లోకి వెళ్లి, ఒకే ఒక్క ఫైల్ కాపీ చేసుకొచ్చా. ఆ పార్టిషన్ని ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తనిఖీ) చేస్తే లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్ నిండిపోయింది. ఎనిమిది నెలల ఫోటోలకి పేర్లు పోయి అంకెలు మిగిలాయి. కెర్నల్ డాక్యుమెంటేషన్లో దీని మీద ఉన్న పాత హెచ్చరిక శీర్షికే "బిగ్ ఫ్యాట్ వార్నింగ్". నేను దాన్ని ఆ తర్వాత చదివాను.

బూట్‌బాబు | బుధవారం, ఉదయం 9:00

నా షట్‌డౌన్ సలహా ఇంకా టేబుల్ మీదే ఉంది అని గుర్తుచేస్తున్నా 😄

నిద్రలేని_లాపీ | బుధవారం, రాత్రి 9:30

లేచింది!!! టెర్మినళ్లు, బ్రౌజర్, సగం టైప్ చేసిన ఈ పోస్టుతో సహా అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

ఒకటే లోటు. వైఫై లేదు. డీమెసేజ్‌లో వైఫై కార్డు దగ్గర "పీసీఐ_పీఎమ్_రిస్టోర్ రిటర్న్స్ -110" అని ఉంది. ఒకోసారి వస్తుంది, ఒకోసారి రాదు. ప్రతిసారీ హైబర్నేట్ చేసి లేపి చూడాలంటే రోజంతా ఇదే పని.

పాతకాపు | బుధవారం, రాత్రి 10:10

-110 అంటే టైమ్‌అవుట్. డ్రైవర్ పిలిచింది, కార్డు పలకలేదు.

నిన్న స్వాప్‌రాణి గారు పీఎమ్_డీబగ్ ఆన్ చేయమన్నది ఇందుకే. /సిస్/పవర్/పీఎమ్_టెస్ట్ అని ఫైల్ ఉంటుంది. అందులో ఫ్రీజర్, డివైసెస్, ప్లాట్‌ఫామ్, ప్రాసెసర్స్, కోర్ అని మెట్లున్నాయి. ఒక మెట్టు ఎంచుకుని మామూలుగా సస్పెండ్ చేస్తే కెర్నల్ ఆ మెట్టు దాకా దిగి, 5 సెకన్లు ఆగి, తిరిగి ఎక్కేస్తుంది. ముందు "ఫ్రీజర్" రాసి పది సార్లు చేయండి. అది ప్రోగ్రాములను ఆపి వదులుతుందంతే. బాగుంటే "డివైసెస్". డ్రైవర్ తప్పయితే ఇక్కడే దొరుకుతుంది, పవర్ ఆఫ్ కానక్కర్లేదు. పనయ్యాక "నన్" అని రాయడం మరిచిపోకండి. లేకపోతే మూత వేసిన ప్రతిసారీ 5 సెకన్లలో లేచి కూర్చుంటుంది, మీరు మళ్లీ ఇక్కడికొచ్చి కొత్త సమస్య అంటారు.

ఇమేజ్ రాయడం, చదవడం కూడా పరీక్షించాలంటే /సిస్/పవర్/డిస్క్‌లో టెస్ట్_రెజ్యూమ్ పెట్టండి. ఇమేజ్ రాసి, ఆఫ్ చేయకుండా అక్కడికక్కడే చదివేస్తుంది.

నిద్రలేని_లాపీ | గురువారం, రాత్రి 8:20

ఫ్రీజర్ పదికి పది. డివైసెస్ పదిలో మూడుసార్లు వైఫై పోయింది. వేరే డ్రైవర్ ఏదీ చిక్కలేదు.

ప్రస్తుతానికి సిస్టమ్-స్లీప్ ఫోల్డర్లో చిన్న స్క్రిప్ట్ పెట్టా. "ప్రీ" అన్నప్పుడు వైఫై మాడ్యూల్ దించేస్తుంది, "పోస్ట్" అన్నప్పుడు ఎక్కిస్తుంది. ఇరవై సార్లు చేశా, ఒక్కసారీ తప్పలేదు. మోటు పనే, తెలుసు.

కానీ మూత వేసినప్పుడు ప్రతిసారీ హైబర్నేట్ అంటే విసుగు. కాసేపటికైతే మామూలు నిద్రే బాగుంటుంది. ఆ వేడి సంగతి ఎలా?

స్వాప్‌రాణి | గురువారం, రాత్రి 9:05

దానికి రెండు పనులు.

మొదటిది, ఎస్2ఐడిల్ నిజంగా లోతుకి దిగుతోందా చూడాలి. పది నిమిషాలు సస్పెండ్ చేసి లేపి, /సిస్/పవర్/సస్పెండ్_స్టాట్స్ కింద లాస్ట్_హెచ్‌డబ్ల్యూ_స్లీప్ చదవండి. హార్డ్‌వేర్ లోతైన నిద్రలో గడిపిన కాలం మైక్రోసెకన్లలో ఉంటుంది. పది నిమిషాలకి 60 కోట్లకి దగ్గరగా ఉండాలి. సున్నా ఉంటే అంతసేపూ నటించిందని అర్థం.

రెండోది, సిస్టమ్‌డీలో సస్పెండ్-దెన్-హైబర్నేట్. లాగిన్‌డీ కాన్ఫ్‌లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్‌కి అది పెట్టి, స్లీప్ కాన్ఫ్‌లో హైబర్నేట్‌డిలేసెక్=30మిన్ అనండి. అరగంట నిద్ర, ఆ తర్వాత తనే క్షణం లేచి డిస్క్‌లోకి రాసుకుని ఆరిపోతుంది.

నిద్రలేని_లాపీ | గురువారం, రాత్రి 9:40

లాస్ట్_హెచ్‌డబ్ల్యూ_స్లీప్: 0

తొమ్మిది అంకెల జవాబు కావాలనుకుంటే ఒక్క అంకె వచ్చింది.

పాతకాపు | గురువారం, రాత్రి 10:00

ఇప్పుడు మొండివాణ్ణి పట్టుకోవాలి. మీకు అవసరం లేని డివైజ్‌ల మాడ్యూళ్లు ఒక్కొక్కటే దించుతూ, ఒక్కో నిమిషం సస్పెండ్ చేస్తూ ఆ అంకె చూడండి. ఆర్‌టీసీవేక్ -ఎమ్ మెమ్ -ఎస్ 60 అంటే మీరు ముట్టుకోకుండా 60 సెకన్లకి తనే లేస్తుంది. కార్డ్ రీడర్, వేలిముద్ర రీడర్, రెండో గ్రాఫిక్స్ కార్డు, ముందు వీటి మీద అనుమానపడండి.

నిద్రలేని_లాపీ | శుక్రవారం, రాత్రి 11:30

కార్డ్ రీడర్! కొన్నప్పటి నుంచి అందులో ఒక్క కార్డూ పెట్టలేదు. ఆ మాడ్యూల్ దించగానే 60 సెకన్లకి 5 కోట్ల 70 లక్షల చిల్లర చూపించింది. ఇంతకాలం రాత్రంతా నన్ను కాపలా కాసింది వీడన్నమాట. బ్లాక్‌లిస్ట్ చేసేశా.

ఇంకోటి, వైర్‌లెస్ మౌస్ రిసీవర్ గుచ్చి ఉంటే బల్ల కదిలినా లేచిపోతోంది. /ప్రాక్/ఏసీపీఐ/వేకప్‌లో ఎక్స్‌హెచ్‌సీ (యూఎస్‌బీ కంట్రోలర్) ఎనేబుల్డ్ అని ఉంది. దాని పేరు ఎకో చేసి అందులోకే పంపితే ఆగింది. రీబూట్ చేస్తే మళ్లీ మామూలే.

స్వాప్‌రాణి | శనివారం, ఉదయం 7:50

ఆ ఫైల్ స్విచ్ లాంటిది. ఒకసారి రాస్తే ఆఫ్, మళ్లీ రాస్తే ఆన్. స్క్రిప్ట్‌లో పెట్టి అది రెండుసార్లు నడిచిందనుకోండి, మళ్లీ మొదటికే వస్తారు. దానికంటే ఆ ఒక్క రిసీవర్‌కి యూడెవ్ రూల్ రాసి, దాని పవర్/వేకప్‌లో "డిసేబుల్డ్" పెట్టండి. మిగతా యూఎస్‌బీ జోలికి పోనక్కర్లేదు.

తాళంకప్ప | శనివారం, ఉదయం 11:15

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నాది డిస్ట్రో ఇచ్చిన కెర్నలే, హైబర్నేషన్ కాన్ఫిగ్‌లో ఉంది, స్వాప్ పార్టిషన్ కూడా ఉంది. అయినా స్టేట్‌లో "డిస్క్" లేదు. /సిస్/పవర్/డిస్క్ చదివితే [డిసేబుల్డ్] అంటోంది. ఎవరు ఆపారు?

పాతకాపు | శనివారం, మధ్యాహ్నం 12:00

మీ పేరులోనే జవాబు ఉంది. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నల్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందా? /సిస్/కెర్నల్/సెక్యూరిటీ/లాక్‌డౌన్ చదవండి. [ఇంటెగ్రిటీ] అని ఉంటే అదే. కెర్నల్ 5.4లో లాక్‌డౌన్ (నడుస్తున్న కెర్నల్‌ని రూట్ కూడా మార్చలేకుండా చేసే కట్టడి) వచ్చింది. సెక్యూర్ బూట్ ఉంటే చాలా డిస్ట్రోలు దాన్ని తామే ఆన్ చేస్తాయి. ఇమేజ్‌ని మధ్యలో ఎవరైనా మార్చి కెర్నల్లోకి తమ కోడ్ ఎక్కించొచ్చు కాబట్టి హైబర్నేట్ బంద్. సెక్యూర్ బూట్ తీసేయడమా, హైబర్నేట్ వదులుకోవడమా అన్నది మీ ఇష్టం. లాపీ పట్టుకుని ఊళ్లు తిరిగే పనైతే నేను సెక్యూర్ బూట్ వైపే ఉంటా.

తాళంకప్ప | శనివారం, మధ్యాహ్నం 12:20

[ఇంటెగ్రిటీ]నే. వదులుకుంటా. ధన్యవాదాలు.

బూట్‌బాబు | ఆదివారం, రాత్రి 8:00

నవ్వకండి. నేనూ మొదలుపెట్టా. "ఫ్రీజింగ్ ఆఫ్ టాస్క్స్ ఫెయిల్డ్ ఆఫ్టర్ 20 సెకన్లు" అంటోంది. 😐

స్వాప్‌రాణి | ఆదివారం, రాత్రి 8:06

నవ్వట్లేదు (కొంచెం నవ్వాను). ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ (నెట్ మీదుగా వేరే మెషీన్ ఫోల్డర్) మౌంట్ ఏదైనా ఉండి నెట్ పోయిందా? ఆ జవాబు కోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రామ్‌ని కెర్నల్ ఆపలేదు. 20 సెకన్లు చూసి వదిలేస్తుంది. అన్‌మౌంట్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

బూట్‌బాబు | ఆదివారం, రాత్రి 8:15

ఉంది. పోయింది. పడుకుంది.

నిద్రలేని_లాపీ | సోమవారం, ఉదయం 7:10

శీర్షికలో "పరిష్కారమైంది" పెట్టేశా. నిన్న రాత్రి 10 గంటలకి 81 శాతంతో సంచిలో పెట్టా. ఇందాక తీస్తే లాపీ చల్లగా ఉంది, లేపి చూస్తే 79. లాగ్‌లో 10:30కి లేచి ఇమేజ్ రాసుకున్నట్టు ఉంది.

వైఫై డ్రైవర్ మీద బగ్ పెడదామనుకుంటున్నా. పీఎమ్_టెస్ట్ లాగులు పది పరుగులవీ పెట్టాలా, తప్పిన మూడూ చాలా?

పాతకాపు | సోమవారం, ఉదయం 8:25

పదీ పెట్టండి. బాగా నడిచిన ఏడిటితో పోల్చి చూస్తేనే వాళ్లకి తేడా తెలుస్తుంది. స్క్రిప్ట్ తీసేసి తీసిన లాగులే పెట్టండి, లేకపోతే "మాడ్యూలే లేదు, ఏం చూడమంటారు" అంటారు.